టీకా మనకా, కుక్కకా?

మీ వీధిలో ఎన్ని కుక్కలున్నాయో మీకు తెలుసా? మీ ఇంట్లో ఒక కుక్క ఉంటే దాని సంగతి సరే. టీకొట్టు దగ్గర పడుకునేవీ, మాంసం దుకాణం ముందు కాచుకుని ఉండేవీ, రాత్రివేళ సైకిళ్ళ వెంట పడేవీ, ఇవన్నీ కలిపి ఎన్ని? వాటిలో ఈ సంవత్సరం పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా పడినవి ఎన్ని? మొదటి ప్రశ్నకు కాస్త ఆలోచించి ఏదో ఒక లెక్క చెప్పగలరు. రెండో ప్రశ్నకు మీరే కాదు, మీ వీధిలో పెద్దవాళ్ళు కూడా చాలాచోట్ల జవాబు చెప్పలేరు.

కుక్క కరిస్తే మనిషికి సూదిమందు వేయించాలని ఇప్పుడు అందరికీ తెలుసు. కుక్కకే ముందుగా సూదిమందు వేయించాలంటే మాత్రం కొందరికి నవ్వు వస్తుంది. "మనుషులకే మందులు సరిగా అందడం లేదు, వీధికుక్కలకు కూడానా?" అంటారు. ఇది తేలిగ్గా తీసిపారెయ్యదగిన ప్రశ్న కాదు. దీనికి జవాబు చెప్పాలంటే ఈ వ్యాధి ఎట్లా వస్తుందో, ఎక్కడ ఉంటుందో కొంచెం వివరంగా చూడాలి. చూసిన తర్వాత, మనుషులను కాపాడటానికే వీధికుక్కలకు టీకాలు వెయ్యాలని మీరు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

నరాల వెంబడి ప్రయాణం

పిచ్చికుక్క వ్యాధిని రేబిస్ అంటారు. దీనికి కారణం ఒక వైరస్. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అది తుపాకి గుండు ఆకారంలో కనిపిస్తుంది. వ్యాధి సోకిన కుక్క చొంగలో ఈ వైరస్ ఉంటుంది. కుక్క కరిచినప్పుడు గాయంలోకి దిగుతుంది. మనిషి ఒంట్లో ప్రవేశించే చాలా సూక్ష్మజీవులు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. ఈ వైరస్ దారి వేరు. ఇది గాయం దగ్గరున్న నరంలో దూరి, ఆ నరం వెంబడి నెమ్మదిగా వెన్నుపాముకూ, అక్కడినుంచి మెదడుకూ చేరుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. తలమీదో, ముఖంమీదో కరిస్తే మెదడు దగ్గరే గనక ఇంకా త్వరగా చేరవచ్చు. చిన్న పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి, కుక్క ఎగబడితే వాళ్ళకు ముఖంమీదా, మెడమీదా గాయాలయ్యే అవకాశం ఎక్కువ. అందుకే పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

వైరస్ మెదడుకు చేరకముందే టీకా వేస్తే మన దేహం దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఇది వైరస్‌కూ టీకాకూ మధ్య జరిగే పరుగుపందెం వంటిది. వైరస్ నెమ్మదిగా నడుస్తుంది కనక వెంటనే టీకా వేయించుకున్నవాళ్ళు ఈ పందెంలో గెలుస్తారు. ఆలస్యం చేసి, జలభయం వంటి లక్షణాలు కనిపించిన తర్వాత ఆసుపత్రికి వెళితే వైద్యులు చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అప్పటికి వైరస్ మెదడులో ఉంటుంది. లక్షణాలు పైకి కనిపించాక ఇంత కచ్చితంగా ప్రాణం తీసే అంటువ్యాధి మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వ్యాధివల్ల ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. ఎక్కువమంది ఆసియాలో, ఆఫ్రికాలో పల్లెటూళ్ళవాళ్ళు, బీదవాళ్ళు. పిచ్చికుక్క అని అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవాళ్ళలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళ లోపు పిల్లలు. అంటే ఇది మీ వయసువాళ్ళ సమస్య. అందుకే మీకు చెబుతున్నాను.

కాపురముండే చోటు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. టీకా ఎవరికి వెయ్యాలి?

మశూచిని తీసుకోండి. ఆ వ్యాధి మనుషులకే వచ్చేది. మనిషినుంచి మనిషికే సోకేది. అందువల్ల మనుషులకు టీకాలు వేస్తూ పోయేసరికి వైరస్‌కు నిలవడానికి చోటు లేకపోయింది. ప్రపంచంలో మశూచి లేదని 1980లో ప్రకటించారు.

పశువులకు వచ్చే ముసర వ్యాధి మరో ఉదాహరణ. ఒకప్పుడు ఈ వ్యాధి వస్తే ఊళ్ళో పశువుల కొట్టాలు ఖాళీ అయిపోయేవి. ఆ వైరస్ కాపురం పశువుల్లో. కనుక పశువులకు టీకాలు వేశారు. ఆవులనూ, గేదెలనూ వెతికి వెతికి దేశదేశాల్లో వేశారు. 2011లో ముసర వ్యాధి కూడా భూమిమీద లేకుండా పోయింది. మనుషులు పూర్తిగా తుడిచిపెట్టిన అంటువ్యాధులు ఇప్పటికి ఈ రెండే.

మరి రేబిస్ వైరస్ కాపురం ఎక్కడ? మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కలవల్లనే వస్తున్నది. కుక్కనుంచి కుక్కకు సోకుతూ వైరస్ బతుకుతుంది. మధ్యలో ఏ మనిషినో కరిచినప్పుడు మనిషికి వస్తుంది. మనిషినుంచి మరొకరికి సాధారణంగా పోదు. వైరస్ దృష్టిలో మనిషి అంటే దారి మూసుకుపోయిన సందు వంటివాడు.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. కుక్కకాటుకు గురైన మనుషులకు ఎన్ని లక్షల టీకాలు వేసినా ఆ మనుషులు బతుకుతారు, అది చాలా అవసరం. కాని కుక్కల్లో తిరిగే వైరస్ ఒక్క పిసరు కూడా తగ్గదు. వచ్చే సంవత్సరం మళ్ళీ అన్ని టీకాలూ కావాలి. ఆ పై సంవత్సరమూ కావాలి. కుళాయి తిప్పి వదిలేసి నేల తుడుస్తూ కూర్చున్నట్టుంటుంది. తుడవడం మానమని ఎవరూ అనరు, కాని కుళాయి కూడా కట్టాలి కదా! రోగం ఎక్కడ కాపురముంటే అక్కడ టీకా వెయ్యాలన్నది మశూచీ, ముసరా మనకు నేర్పిన పాఠం.

మొదట కుక్కలకే వేశారు

1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి ఒక కుర్రవాడికి ఇప్పించాడు. ఆ కుర్రవాడి పేరు జోసెఫ్ మైస్టర్, వయసు తొమ్మిదేళ్ళు. పిచ్చికుక్క అతన్ని చాలాచోట్ల కరిచింది. పాశ్చర్ రసాయన శాస్త్రజ్ఞుడే కాని వైద్యుడు కాడు. అందుకని వైద్యుల చేత సూదులు వేయించాడు. మొత్తం పదమూడు సూదులు వేశారు. కుర్రవాడు బతికాడు. ఈ కథ మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు.

ఆ కథలో చాలామంది పట్టించుకోని భాగం ఒకటుంది. అంతకుముందు పాశ్చర్ తన టీకాను కుక్కలమీదే పరీక్షించాడు. వ్యాధితో చనిపోయిన కుందేళ్ళ వెన్నుపామును ఎండబెట్టి, వైరస్ బలం తగ్గించి, ఆ మందుతో యాభై కుక్కలకు రేబిస్ రాకుండా రక్షణ కల్పించాడు. ఆ తర్వాతే మనిషి వంతు వచ్చింది. అంటే మొదట టీకా వేయించుకున్నది కుక్కే. ఆ కుక్కలు నిలబడబట్టే కుర్రవాడికి వెయ్యడానికి ధైర్యం చాలింది.

మనదేశంలో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు 1911లో గొర్రె మెదడునుంచి టీకా తయారుచేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లని మీ తాతయ్యలూ, అమ్మమ్మలూ చెబుతుంటారే, అది ఈ మందే. నొప్పి సంగతి అట్లా ఉంచి, కొందరికి దీనివల్ల నరాల జబ్బులు కూడా వచ్చేవి. 2005 నాటికి మనదేశంలో దీన్ని పూర్తిగా మానేశారు. ఇప్పటి టీకాలను ప్రయోగశాలలో పెంచిన కణాలతో తయారుచేస్తారు. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మనుషులకు వేసే రేబిస్ టీకానూ, కుక్కలకు వేసే టీకానూ రెండిటినీ తయారుచేస్తున్నది. కనుక మందు దొరకదన్న చింత మనకు లేదు.

డెబ్భై లెక్క

ఊళ్ళో ఉన్న ప్రతి కుక్కకూ టీకా వెయ్యడం సాధ్యమా? కాదు. కాని ఆ అవసరం లేదు. నూటికి డెబ్భై కుక్కలకు ఏటా వేస్తే చాలునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ డెబ్భై ఎక్కడినుంచి వచ్చిందో మీరు కూడా లెక్క వేసి చూడవచ్చు.

రేబిస్ చూడటానికి భయంకరమైన జబ్బేగాని వ్యాపించడంలో చాలా నెమ్మది. తట్టు సోకిన ఒక పిల్లవాడినుంచి, టీకాలు లేని చోట, పన్నెండు మందికో అంతకంటే ఎక్కువ మందికో అంటుకుంటుంది. పిచ్చికుక్క ఒకటి చచ్చేలోగా సగటున మరో రెండు కుక్కలకు కూడా అంటించలేదు. ఊళ్ళో సగం కుక్కలకు రక్షణ ఉందనుకోండి. అప్పుడు ఒక పిచ్చికుక్కనుంచి మరొక కుక్కకు సోకడం కూడా కష్టమవుతుంది. సోకే కుక్కల సంఖ్య ప్రతిసారీ తగ్గుతూ పోయి కొన్నాళ్ళకు వ్యాధి దానంతటదే ఆరిపోతుంది. పొయ్యిలో కట్టెలను ఎడంగా లాగితే మంట ఆరిపోయినట్టే.

సగం చాలినప్పుడు డెబ్భై ఎందుకు? మీ ఊళ్ళో 100 కుక్కలున్నాయనీ, 70 కుక్కలకు టీకా వేశారనీ అనుకుందాం. వీధికుక్కల ఆయుర్దాయం తక్కువ. సంవత్సరంలో నాలుగో వంతు చనిపోయి, వాటి స్థానంలో అన్ని పిల్లలు పుట్టాయనుకుందాం. టీకా పడిన 70లో సుమారు 52 మిగులుతాయి. పుట్టిన పిల్లలకు రక్షణ లేదు. కుక్కలు మళ్ళీ నూరే, కాని రక్షణ ఉన్నవి 52. ఇంకా సగం పైనే ఉన్నాం. రెండో సంవత్సరం టీకాల సంగతి మరిచిపోతే అవి 39కి దిగుతాయి. అప్పుడు ఎక్కడినుంచో ఒక్క పిచ్చికుక్క వస్తే చాలు, కథ మొదటికి వస్తుంది. కాబట్టి ఒకసారి హడావుడి చేసి ఫోటోలు దిగి ఊరుకుంటే లాభం లేదు. ఏటా వెయ్యాలి, నూటికి డెబ్భైకి తగ్గకుండా వెయ్యాలి.

ఇది కాగితంమీది లెక్క మాత్రమే కాదు. జపానులో ఉమెనో, దొయి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కలకు ఒకే సూదితో వెయ్యగల టీకాను 1921 నాటికే రూపొందించారు. ఆ దేశంలో 1950లో చట్టం చేసి పెంపుడు కుక్కలన్నిటికీ టీకా తప్పనిసరి చేశారు. 1957 తర్వాత అక్కడి జంతువుల్లో రేబిస్ కనిపించలేదు. మెక్సికో దేశంలో ఏళ్ళ తరబడి కుక్కలకు ఉచితంగా టీకాలు వేసుకుంటూ పోయారు. కుక్కలవల్ల మనుషులకు రేబిస్ రాకుండా చేసిన దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఈ గుర్తింపు పొందిన మొదటి దేశం అదే.

అవన్నీ పై దేశాలు, మనదగ్గర సాగదు అంటారా? గోవా మనదేశంలోనే ఉంది. అక్కడా మనకున్నట్టే వీధికుక్కలున్నాయి. ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి వీధి వీధికీ తిరిగి, వలలతో పట్టి, టీకా వేసి, గుర్తుగా రంగు పూసి వదిలిపెట్టారు. బడిపిల్లలకు పాఠాలు చెప్పారు. 2021లో గోవాను రేబిస్ అదుపులోకి వచ్చిన రాష్ట్రంగా ప్రకటించారు. అప్పటికి మూడేళ్ళకు పైగా ఆ రాష్ట్రంలో ఒక్క మనిషి కూడా ఈ వ్యాధితో చనిపోలేదు.

చంపేస్తే పోదా?

ఈ మాట మీరు తప్పకుండా వినే ఉంటారు. కుక్కకాటు తిన్న పిల్లల తల్లిదండ్రులు కోపంతో అన్నప్పుడు వాళ్ళను తప్పుపట్టలేం. బడికి వెళ్ళే దారిలో కుక్కలు వెంటపడతాయని భయపడే పిల్లల బాధ నిజమైన బాధే. కాని కోపంతో చేసిన పని ఫలితం ఇస్తుందా అన్నది వేరే సంగతి.

ఇండొనేషియాలో బాలి అనే దీవి ఉంది. 2008 వరకు అక్కడ రేబిస్ లేదు. ఆ సంవత్సరం వచ్చింది. అధికారులు పెద్ద ఎత్తున కుక్కలను చంపించారు. వ్యాధి ఆగకపోగా దీవి అంతటా పాకింది. 2010లో దీవి మొత్తంమీద కుక్కలకు టీకాలు వెయ్యడం మొదలుపెట్టిన తర్వాతే కుక్కల్లోనూ, మనుషుల్లోనూ వ్యాధి బాగా తగ్గింది.

ఎందుకిట్లా జరుగుతుంది? కుక్కలకు ఒక్కొక్క గుంపుకూ ఒక్కొక్క వీధి ఉంటుంది. ఆ వీధిలోకి కొత్త కుక్క వస్తే ఊరుకోవు. ఉన్నవాటిని చంపేస్తే చోటు ఖాళీ అవుతుంది. తిండి పారవేసే చెత్తకుప్ప మాత్రం అట్లాగే ఉంటుంది. పక్క వీధినుంచో, పక్క ఊరినుంచో కొత్త కుక్కలు వస్తాయి. వాటికి టీకా పడిందో లేదో ఎవరికీ తెలియదు. చంపినవాటిలో టీకా పడినవి కూడా ఉంటాయి గనక అంతకుముందు పడిన శ్రమ కూడా వృథా అవుతుంది. టీకా పడిన కుక్క ఒకటి వీధిలో ఉంటే అది ఆ వీధికి గోడ వంటిది. ఆ గోడను మనమే పడగొట్టడం తెలివైన పని కాదు.

కుక్కల సంఖ్య తగ్గించవద్దని దీని అర్థం కాదు. దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స ఉంది. ఆ ఆపరేషనూ, టీకా రెండూ కలిపి చెయ్యాలని 2001లోనూ, మళ్ళీ 2023లోనూ వచ్చిన కేంద్రప్రభుత్వ నియమాలు చెబుతున్నాయి. చెవి కొసన చిన్న కత్తిరింపు ఉన్న వీధికుక్కలను మీరు చూసి ఉండవచ్చు. ఆపరేషను అయిందనడానికి అది గుర్తు. చెత్త వీధిలో పారవెయ్యకపోవడం కూడా కుక్కల సంఖ్య తగ్గించే ఉపాయమే.

ఇక ఖర్చు సంగతి. కుక్కకు ఏడాదికి ఒక్క సూది. కుక్క కరిచిన మనిషి ఆసుపత్రికి నాలుగుసార్లు తిరగాలి, గాయం పెద్దదైతే మరో ఖరీదైన మందు కూడా కావాలి. కూలికి పోయేవాళ్ళకు నాలుగు రోజుల కూలి పోతుంది. ఒక పిచ్చికుక్క ఒక్క రోజులో పదిమందిని కరిచిన సంఘటనలు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. ఏది చవక, ఏది ఖరీదు మీరే లెక్కకట్టండి.

కుక్కలను పట్టుకోవడం కష్టమంటారు. నిజమే. అయితే కష్టమైన చోట ఉపాయాలు వెతకాలి. ఐరోపాలో రేబిస్ నక్కల్లో ఉండేది. అడవిలో నక్కను పట్టి సూది వెయ్యడం ఎవరి తరం? 1978లో స్విట్జర్లాండులో కోడి తలకాయల్లో టీకా మందు పెట్టి అడవిలో పడేశారు. నక్కలు తిన్నాయి, టీకా వేసుకున్నాయి! ఆ పద్ధతిని పెంపొందించి ఐరోపాలో చాలా దేశాలు నక్కల్లో రేబిస్‌ను పోగొట్టాయి. నక్కకు వెయ్యగలిగినప్పుడు మన ఇళ్ళ ముందు పడుకునే కుక్కకు వెయ్యలేమా?

కుక్కపిల్లల విషయం

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీరు ఎక్కువగా ఎత్తుకుని ఆడించేది పెద్ద కుక్కలను కాదు, పిల్లలను. "చిన్న పిల్లే కదా, దాని గోరు గీసుకుంటే ఏమవుతుంది?" అనుకుంటారు. అది పొరపాటు. తల్లికి వ్యాధి ఉన్నా, మరో పిచ్చికుక్క కరిచినా కుక్కపిల్లకు కూడా రేబిస్ వస్తుంది. దాని పంటి గాటు చిన్నదే గాని వైరస్ చిన్నది కాదు.

మనవైపు కుక్కలు కార్తీకమాసంలో ఎక్కువగా జతకడతాయని అందరికీ తెలుసు. సుమారు 63 రోజులకు ఈనుతాయి. అంటే సంక్రాంతి సెలవులకు వీధుల్లో బుజ్జి కుక్కపిల్లలు కనిపిస్తాయి. వేసవి సెలవులు వచ్చేసరికి వాటికి మూడు నెలలు నిండుతాయి. సాధారణంగా రేబిస్ టీకా మొదటిసారి వేసే వయసు అదే. మళ్ళీ ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత వేసిన మందునుబట్టి పశువైద్యుడు చెప్పినప్పుడల్లా వేయించాలి. ఊరంతటికీ టీకాలు వేసేటప్పుడు మూడు నెలలు నిండని పిల్లలను కూడా వదిలిపెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచిస్తున్నారు.

రేబిస్ ఒక్కటే కాదు. కుక్కపిల్లలను పొట్టనపెట్టుకునే జబ్బులు ఇంకా ఉన్నాయి. వాటిలో పార్వో ఒకటి. ఈ వైరస్ 1978లో కొత్తగా బయటపడి రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. పిల్లలు వాంతులతో, రక్తవిరేచనాలతో చనిపోతాయి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. డిస్టెంపర్ అనేది మరొకటి. ఇది మనుషుల తట్టుకూ, ఇందాక చెప్పుకున్న ముసర వ్యాధికీ దాయాది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటికి డిస్టెంపర్ సోకిందని పరీక్షల్లో తేలింది. ఈ రెండు జబ్బులూ మనుషులకు రావు. రెండిటికీ మంచి టీకాలున్నాయి.

ఈ టీకాలను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. ఒకే మందును ఇన్నిసార్లు ఎందుకు? పుట్టిన రోజున తల్లి ఇచ్చే ముర్రుపాలలో తల్లి ప్రతిరక్షకాలుంటాయి. అవి కొన్ని వారాలపాటు పిల్లను కాపాడతాయి. అయితే అవి టీకాలోని వైరస్‌ను కూడా శత్రువనుకుని నాశనం చేస్తాయి. అప్పుడు పిల్ల దేహం నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. తల్లి ఇచ్చిన రక్షణ ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్క సమయంలో తరిగిపోతుంది. ఏ పిల్లలో ఎప్పుడో పైకి కనిపించదు. కనుక వరసగా వేస్తూ పోతే ఏదో ఒక సూది సరైన సమయంలో పడుతుంది. "ఒకసారి వేయించాం, ఇక చాలు" అనుకున్నవాళ్ళ కుక్కపిల్లలు పార్వోతో చనిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

పెద్ద కుక్కకు మళ్ళీ మళ్ళీ ఎందుకంటే, దేహం కూడా పాఠం మరిచిపోతుంది. పరీక్షలకు ముందు మీరు పుస్తకం తిరగేసినట్టు దానికి గుర్తుచేస్తూ ఉండాలి.

మీరేం చెయ్యగలరు?

వీధికుక్కలను పట్టుకోవడం మీ పని కాదు. ఆ పనికి శిక్షణ పొందినవాళ్ళుంటారు. వాటిని రెచ్చగొట్టవద్దు. తినేటప్పుడూ, పిల్లలతో ఉన్నప్పుడూ దగ్గరకు పోవద్దు. కుక్క ఎదురుపడితే పరుగెత్తకుండా, దాని కళ్ళలోకి చూడకుండా నిలబడండి.

కరిచినా, గీరినా ముందు చెయ్యవలసింది ఒకటే. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడగండి. ఈ వైరస్‌కు కొవ్వుతో చేసిన పైపొర ఉంటుంది. జిడ్డు గిన్నెను సబ్బు శుభ్రం చేసినట్టే ఆ పొరను సబ్బు కరిగించేస్తుంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కరిచిన రోజున, 3వ రోజున, 7వ రోజున, 28వ రోజున సర్కారు ఆసుపత్రుల్లో చేతికి చిన్న సూదులు వేస్తారు. ఒక్కటి కూడా మానవద్దు. టీకా పడిన కుక్కే కరిచిందని మీ అంతట మీరు ఊరుకోవద్దు, ఆ నిర్ణయం వైద్యుడిది. కుక్క గీరిన సంగతి ఇంట్లో తిడతారని దాచిపెట్టే పిల్లలున్నారు. తిట్లు రెండు రోజుల్లో మరిచిపోతారు. దాచడం ప్రాణంమీదికి వస్తుంది.

మీ తరగతివాళ్ళంతా కలిసి దూరంనుంచే మీ వీధుల్లోని కుక్కలను లెక్కపెట్టండి. రంగునుబట్టి, చెవి గుర్తునుబట్టి పెద్దవెన్నో, పిల్లలెన్నో, ఇళ్ళవెన్నో, వీధివెన్నో పట్టిక వెయ్యండి. దాన్ని మీ ఉపాధ్యాయుల చేత పంచాయతీకో, మునిసిపాలిటీకో, పశువుల ఆసుపత్రికో ఇప్పించండి. "మా ఊళ్ళో ఇన్ని కుక్కలున్నాయి, వీటిలో నూటికి డెబ్భైకి టీకా ఎప్పుడు వేస్తారు?" అని అడగండి. లెక్కతో అడిగిన ప్రశ్నను తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం.

పాశ్చర్ టీకాకు గుర్తుగా జులై 6న మన రెండు రాష్ట్రాల్లోనూ పలుచోట్ల పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజున మీ ఇంటి కుక్కను తీసుకువెళ్ళండి. వీధిలో మీరు రోజూ అన్నం పెట్టే కుక్క ఉంటే, మచ్చిక అయినదే గనక, ఇంట్లో పెద్దవాళ్ళను తోడు తీసుకుని దాన్ని కూడా తీసుకువెళ్ళండి. సంక్రాంతికి పుట్టిన పిల్లలకైతే జులైదాకా ఆగకుండా వేసవిలోనే వేయించమని అడగండి.

2030 నాటికి కుక్కలవల్ల వచ్చే రేబిస్ లేకుండా చెయ్యాలని మనదేశం 2021లో ఒక ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఢిల్లీలో రాసినా టీకా పడవలసింది మీ వీధిలోని కుక్కకు. అది పడిందో లేదో చూడవలసినవాళ్ళలో మీరు కూడా ఉన్నారు.